పెయ్యకు వయసు కాదు, బరువు చూడండి
తొలి చూలుకు సిద్ధం చేయడంలో చిన్న రైతు గమనించాల్సిన విషయాలు

పాలిచ్చే ఆవుకు పొద్దున, సాయంత్రం దాణా పెడతాం. దాని గాడి దగ్గర పచ్చిమేత ఎప్పుడూ ఉండేలా చూస్తాం. పక్కనే గుంజకు కట్టేసిన పెయ్య సంగతి మాత్రం అంతగా పట్టించుకోం. ఆవు తినగా మిగిలిన వరిగడ్డి దాని ముందు పడేస్తాం. ‘పాలిచ్చేదా ఏమన్నానా, ఈనిన తర్వాత చూద్దాంలే’ అనుకుంటాం. ఒకటి రెండు ఆవులతో సంసారం నెట్టుకొచ్చే సన్నకారు రైతుల్లో చాలామంది ఇళ్లల్లో ఇదే వరస.

తీరా మూడేళ్లు దాటినా పెయ్య ఎదకు రాదు. వచ్చినా చూలు నిలవదు. విసిగిపోయి సంతలో వచ్చిన ధరకు అమ్మేస్తాం. ఆపైన అప్పు చేసి అదే సంతలో ఇంకొకరి ఆవును కొంటాం. దాని పుట్టుక తెలియదు, రోగం తెలియదు, ఎన్నో ఈతో అమ్మినవాడు చెబితే నమ్మాలి. మన ఇంట్లో పుట్టి, మన కళ్ల ముందు పెరిగిన పెయ్య అయితే ఈ బెడద ఉండదు. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వానలు లేక వేరుశనగ దెబ్బతిన్న ఏళ్లలో ఎన్నో ఇళ్లను నిలబెట్టింది పాడే. ఆ పాడి నిలవాలంటే పెయ్యలు నిలవాలి.

పెయ్య ఎన్ని నెలలకు ఎదకు వస్తుందన్నది దాని వయసు కన్నా బరువు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. బాగా మేపిన సంకరజాతి పెయ్య ఏడాదీ, ఏడాదిన్నర మధ్యలోనే ఎదకు వస్తుంది. అదే జాతి పెయ్యను ఒట్టి గడ్డితో పెంచితే మూడేళ్లకు కూడా రాకపోవచ్చు. అందుకే ‘మా పెయ్యకు రెండేళ్లు నిండాయి, ఇక సూది వేయించవచ్చా?’ అని కాక, ‘మా పెయ్య ఎన్ని కిలోలు తూగుతుంది?’ అని ముందు చూసుకోవాలి.

ఎంత బరువు ఉండాలి?

పెద్దదయ్యాక ఆవు ఎంత బరువు తూగుతుందో అందులో 60 నుంచి 65 శాతం బరువు వచ్చినప్పుడు పెయ్యను చూలు కట్టించవచ్చు. జెర్సీ సంకర పెయ్యకు 225 నుంచి 250 కిలోలు, హెచ్.ఎఫ్. సంకర పెయ్యకు 250 నుంచి 275 కిలోలు ఉండాలి. ముర్రా జాతి గేదె పడ్డ అయితే 300 కిలోల దాకా రావాలి. సరిగా మేపితే సంకర పెయ్య 15 నుంచి 18 నెలల్లో, గేదె పడ్డ రెండు, రెండున్నర ఏళ్లలో ఈ బరువుకు చేరతాయి.

ఇంటి దగ్గర కాటా లేదు కదా అంటారేమో. దర్జీ దగ్గర ఉండే టేపు ఒకటి చాలు. పెయ్యను చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా నిలబెట్టండి. ముందు కాళ్ల వెనక, ఛాతీ చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన పొడుచుకు వచ్చే పిరుదు ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేయండి. వచ్చినదాన్ని 660తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు తెలుస్తుంది.

ఉదాహరణకు, చుట్టుకొలత 54 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు ఉన్న పెయ్య సుమారు 203 కిలోలు ఉంటుంది. ఎదకు వచ్చినా దీన్ని అప్పుడే కట్టించవద్దు. చుట్టుకొలత 60, పొడవు 48 వస్తే బరువు సుమారు 262 కిలోలు. ఇక డాక్టరును పిలవవచ్చు. కాటాకూ దీనికీ కొన్ని కిలోలు తేడా రావచ్చు. అయినా ప్రతి నెలా ఒకే తేదీన, మేత వేయకముందు కొలిచి రాసుకుంటే పెయ్య పెరుగుతున్నదీ లేనిదీ ఇట్టే తెలుస్తుంది. నెలకు 12 నుంచి 15 కిలోలు పెరుగుతుంటే మేత సరిపోతున్నట్టే. రెండు నెలలు వరసగా పెరుగుదల లేకపోతే మేతలోనో, కడుపులో నట్టల వల్లనో ఇబ్బంది ఉందని గ్రహించాలి.

లెక్క చూడండి

పుట్టినప్పుడు 25 కిలోలున్న దూడ 250 కిలోలు కావాలంటే 225 కిలోలు పెరగాలి. రోజుకు సుమారు 420 గ్రాములు పెరిగితే 18 నెలల్లో ఆ బరువు వస్తుంది. ఒట్టి గడ్డి మీద రోజుకు 200 గ్రాములే పెరిగితే 37 నెలలు పడుతుంది. మొదటిది 28వ నెలలో ఈనుతుంది. రెండోది ఈనేసరికి నాలుగేళ్లు కావస్తాయి. అంటే ఏడాదిన్నర పైగా మేత దండుగ, ఒక ఈత పాలు నష్టం.

ఆరో నెల నుంచి 18వ నెల దాకా రోజుకు కిలోన్నర దాణా పెట్టారనుకోండి. ఏడాదికి సుమారు 550 కిలోలు అవుతుంది. కిలో 30 రూపాయల చొప్పున 16,500 రూపాయలు. ఆవు రోజుకు సగటున 7 లీటర్ల చొప్పున 300 రోజులు పాలిస్తే 2,100 లీటర్లు. లీటరు 35 రూపాయల లెక్కన 73,500 రూపాయలు. అందులో సగం మేతకూ మందులకూ పోయినా, దాణా మీద పెట్టిన డబ్బుకు రెట్టింపు పైగా మిగులుతుంది. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు. మీ ఊరి దాణా ధర, మీ పాలకేంద్రంలో ఇచ్చే రేటు వేసుకుని మీరే లెక్క కట్టుకోండి.

దూడప్పుడే పునాది

పెయ్య పోషణ ఈనిన రోజు నుంచే మొదలవుతుంది. పుట్టిన గంట, రెండు గంటల్లోపు రెండు లీటర్ల దాకా ముర్రుపాలు తాగించాలి. మాయ పడే దాకా ముర్రుపాలు తాగించకూడదనే మాట ఇంకా కొన్ని ఊళ్లలో వినిపిస్తుంది. అది వట్టి అపోహ. గంటలు గడిచేకొద్దీ ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని గ్రహించే గుణం దూడ పేగులకు తగ్గిపోతుంది. ఆ తర్వాత రోజూ దూడ బరువులో పదోవంతు పాలు తాగించాలి. రెండో వారం నుంచి కొద్దికొద్దిగా దూడల దాణా, లేత గడ్డి అలవాటు చేయాలి.

పది, పదిహేను రోజుల వయసులో తొలిసారి నట్టల మందు తాగించాలి. ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత డాక్టరు సలహా మీద ఏడాదికి రెండు మూడు సార్లు తాగిస్తుండాలి. ఎంత మేపినా పెయ్య పొట్ట ముందుకొచ్చి, వెంట్రుకలు గరుకుగా లేస్తే అది తిన్న మేత నట్టల పాలవుతున్నదని అర్థం.

పొదుగు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. మూడో నెల నుంచి తొమ్మిదో నెల దాకా పొదుగులో పాల కణజాలం శరీరం కన్నా వేగంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో కడుపు మాడిస్తే శరీరంతోపాటు పొదుగు పెరుగుదలా కుంటుపడుతుంది. అలాగని కొవ్వు పట్టేలా మేపడమూ తప్పే. కండ పెరగాలి గానీ కొవ్వు పెరగకూడదు. కొవ్వెక్కిన పెయ్యకు పొదుగులో పాల కణాల చోట కొవ్వు చేరుతుంది. చూలు కట్టడం, ఈనడం కూడా కష్టమవుతాయి. దూడలు ఒకదాని పొదుగు ఒకటి చీకుతుంటే వేరువేరుగా కట్టేయండి. ఆ అలవాటు వల్ల చన్నులు చెడిపోయి, ఈనిన తర్వాత ఒకటి రెండు చన్నుల్లో పాలు రాకుండా పోవచ్చు. నాలుగు కన్నా ఎక్కువ చన్నులుంటే చిన్నప్పుడే డాక్టరుతో తీయించాలి.

ఇంకొక సంగతి. కోడెదూడతో కవలగా పుట్టిన ఆవు పెయ్యల్లో నూటికి తొంభై పైగా గొడ్డుమోతువే అవుతాయి. అలాంటి పెయ్యను ఏళ్ల తరబడి మేపకముందే డాక్టరుకు చూపించండి. సంతలో పెయ్యను కొనేటప్పుడూ ఈ ప్రశ్న అడగండి.

ఏం మేపాలి?

ఏడాది నిండిన పెయ్యకు రోజుకు 10 నుంచి 15 కిలోల పచ్చిమేత, రెండు మూడు కిలోల ఎండుగడ్డి, కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా కావాలి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు వాటికి కిలో నుంచి కిలోన్నర దాణా చాలు. మంచి పప్పుజాతి పచ్చిమేత పుష్కలంగా ఉంటే దాణా కొంత తగ్గించుకోవచ్చు.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. వంద కిలోలకు మొక్కజొన్న లేదా జొన్న నూక 35 కిలోలు, వేరుశనగ చెక్క 30 కిలోలు, తౌడు 32 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు, ఉప్పు ఒక కిలో కలపాలి. బూజు పట్టిన చెక్క ఎంత చౌకగా దొరికినా ముట్టుకోవద్దు. అందులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఖనిజ లవణాలు లోపిస్తే పెయ్య ఎదకు రావడం ఆలస్యమవుతుంది. మట్టి నాకడం, గుడ్డలు, తాళ్లు నమలడం ఈ లోపానికి గుర్తులు.

నీటి వసతి ఉన్నవారు ఐదు సెంట్లలోనైనా నేపియర్ గడ్డి పెట్టుకోండి. గట్ల మీద అవిశ, సుబాబుల్ నాటుకోవచ్చు. వేరుశనగ కట్టె మంచి మేత, దాన్ని వానకు తడిసి బూజు పట్టకుండా దాచుకోండి. పట్టుపురుగులు మేపే ఇళ్లలో తాజా మల్బరీ ఆకు పెయ్యలకు మేలు చేస్తుంది. అయితే పురుగుల పడక మీద సున్నం, మందులు చల్లిన ఆకు మాత్రం పెట్టవద్దు. నీటి ఎద్దడికి వాడిన లేత జొన్న పైరు మేపితే విషమెక్కి గంటల్లోనే పశువు చనిపోతుంది. పూత దశ దాటిన తర్వాతే జొన్న మేపాలి.

టీకాలు మరవొద్దు

ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒకే ఒక్కసారి బ్రూసెల్లోసిస్ టీకా వేయించాలి. జీవితంలో ఒకసారి వేస్తే చాలు. ఈ రోగం సోకిన పశువు ఆరేడు నెలల చూలు ఈసుకుపోతుంది. మనుషులకూ సోకుతుంది, తగ్గీతగ్గని జ్వరం, కీళ్ల నొప్పులతో మంచాన పడేస్తుంది. కాబట్టి ఈసుకుపోయిన దూడను, మాయను ఒట్టి చేతులతో తాకకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద బ్రూసెల్లోసిస్, గాలికుంటు టీకాలు వేస్తున్నారు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానాకాలానికి ముందు వేయించుకోవాలి. సంకరజాతి పశువులకు పిడుదుల ద్వారా థైలీరియా జ్వరం వస్తుంది. అందుకే కొట్టంలో గోడల పగుళ్లు పూడ్చి, పిడుదులను ఎప్పటికప్పుడు వదిలించాలి.

ఎదను గుర్తుపట్టడం

పెయ్య 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. అరవడం, మేత సరిగా తినకపోవడం, మాటిమాటికీ మూత్రం పోయడం, మానం వాచి గుడ్డులోని తెల్లసొనలాంటి తీగలు వేయడం దాని గుర్తులు. పక్క పశువు మీదికెక్కినప్పుడు కదలకుండా నిలబడితే అది అసలైన ఎద. గేదె పడ్డల్లో ఈ గుర్తులు పైకి అంతగా కనిపించవు. ఎండాకాలంలో మరీ మూగ ఎద. అందుకని తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూసి రావాలి. పడుకుని ఉన్న పశువు వెనక నేల మీద తీగలు పడి ఉన్నాయేమో చూడండి.

బరువు చాలని పెయ్య ఎదకు వస్తే కట్టించవద్దు గానీ, తేదీ మాత్రం క్యాలెండరు మీద రాయండి. 21 రోజులు లెక్కపెట్టుకుని మళ్లీ కనిపెట్టండి. ఇలా రెండు మూడు ఎదలు క్రమంగా వస్తే గర్భకోశం బాగానే ఉందని తెలుస్తుంది. ఈలోగా మేపి బరువు పెంచుకోవచ్చు. చిన్న పెయ్యను తొందరపడి కట్టిస్తే కటి ఎముకలు ఎదగక ఈనేటప్పుడు దూడ అడ్డం పడుతుంది. దూడతోపాటు తల్లి ప్రాణం మీదికీ వస్తుంది. బతికినా తొలి ఈతలో పాలు తగ్గుతాయి, రెండో ఎద ఆలస్యమవుతుంది.

బరువు వచ్చిన పెయ్య ఉదయం ఎదకొచ్చినట్టు కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాడు ఉదయం ఎద సూది వేయించాలి. ఎద పోయిన ఒకటి రెండు రోజులకు కొన్ని పెయ్యలకు మానం నుంచి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. చూలు పోయిందని కంగారుపడొద్దు. అది ఎద ముగిసిందనడానికి గుర్తు మాత్రమే. ఆ ఎదను మీరు గమనించకపోయి ఉంటే, రక్తం కనిపించిన రోజు నుంచి 18, 19 రోజులకు మళ్లీ ఎద వస్తుందని సిద్ధంగా ఉండండి.

ఏ వీర్యం వేయిస్తున్నారో అడిగి తెలుసుకోండి. జెర్సీ సంకర పెయ్య చిన్న గాత్రం. దానికి పాలు ఎక్కువ వస్తాయన్న ఆశతో హెచ్.ఎఫ్. వీర్యం వేయిస్తే దూడ పెద్దదై ఈనడం కష్టమవుతుంది. ఆడదూడలు పుట్టే వీర్యం దొరికితే పెయ్యలకు వేయించడం మేలు. నూటికి తొంభై వరకు ఆడదూడలే పుడతాయి, కోడెదూడ కన్నా పెయ్యదూడ చిన్నదిగా ఉంటుంది కాబట్టి తొలి ఈత కాస్త సులువవుతుంది. మూడుసార్లు సూది వేయించినా నిలవకపోతే, లేదా బరువు వచ్చి రెండేళ్లు దాటినా ఎదకు రాకపోతే డాక్టరుతో గర్భకోశ పరీక్ష చేయించాలి.

చూలు నిలిచిన తర్వాత

21 రోజులకు మళ్లీ ఎదకు రాకపోతే చూలు నిలిచిందని సంబరపడి ఊరుకోవద్దు. రెండున్నర, మూడు నెలలకు డాక్టరుతో పరీక్ష చేయించి ఖాయం చేసుకోండి. ఒట్టిపోయిన పెయ్యను చూడిదనుకుని తొమ్మిది నెలలు మేపినవాళ్లు ఊరికి ఒకరైనా ఉంటారు. ఆవు సుమారు 280 రోజులకు, గేదె సుమారు 310 రోజులకు ఈనుతుంది. సూది వేయించిన తేదీ రాసి ఉంటే ఈనే వారం ముందే తెలుస్తుంది.

తొలి చూలు పెయ్య ఇంకా ఎదిగే వయసులోనే ఉంటుంది. తనకూ కావాలి, కడుపులో దూడకూ కావాలి. చివరి రెండు మూడు నెలల్లో దూడ వేగంగా పెరుగుతుంది కాబట్టి మామూలు దాణాపైన మరో కిలో నుంచి కిలోన్నర పెంచండి. పొడిచే పశువులతో కలిపి కట్టవద్దు, దూరం తోలవద్దు, జారే నేల మీద నిలపవద్దు. చూడి పశువుకు నట్టల మందైనా, ఇంకే మందైనా డాక్టరు చెప్పినదే వాడాలి. కొన్ని నట్టల మందులు చూలు తొలి నెలల్లో హాని చేస్తాయి.

చేతికి అలవాటు చేయండి

ఈనిన మొదటి రోజే పొదుగు పట్టుకోబోతే పెయ్య తన్నక ఏం చేస్తుంది? కాళ్లు కట్టి, కొట్టి పాలు తీస్తే భయంతో పాలు చేపదు. బిగబట్టిన పాలు పొదుగులోనే మిగిలి పొదుగువాపుకు దారితీస్తాయి. ఆ తన్నే గుణం తర్వాత ఈతల్లోనూ పోకపోవచ్చు.

అందుకని ఈనడానికి రెండు నెలల ముందు నుంచే పెయ్యను పాలు తీసే చోటికి తెచ్చి దాణా పెట్టండి. రేపు పాలు తీయబోయే మనిషే దాణా పెట్టి, పేరు పెట్టి పిలుస్తూ వీపు, పొట్ట, తొడలు నిమరాలి. చాలా ఇళ్లల్లో పాలు తీసేది ఆడవాళ్లే, ఈ పనీ వాళ్లే చేస్తే మంచిది. అలవాటైన కొద్దీ పొదుగును తడిగుడ్డతో తుడవండి. అయితే చన్నులు తడమండి గానీ పిండవద్దు. చనుమొన రంధ్రాన్ని మైనంలాంటి పదార్థం మూసి ఉంచి, లోపలికి క్రిములు పోకుండా కాపాడుతుంది. పిండితే అది ఊడిపోతుంది.

ఈనే ముందు పొదుగు బాగా వాచి, బొడ్డు దాకా నీరు దిగడం తొలిచూలు పశువుల్లో మామూలే. ఆ రోజుల్లో ఉప్పు తగ్గించి, కాసేపు నడిపించండి. ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం పొదుగువాపు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. ఈనే రోజు నీటి తిత్తి పగిలి రెండు గంటలైనా దూడ బయటికి రాకపోతే నలుగురు కలిసి తాళ్లు కట్టి లాగొద్దు, డాక్టరును పిలవండి. మాయ 12 గంటల్లో పడకపోయినా అంతే. బరువులు కట్టి లాగితే గర్భకోశం చెడి మళ్లీ చూలు నిలవదు.

పాలు పిడికిలితో పట్టి తీయాలి. బొటనవేలు మడిచి లాగితే లేత చన్నులు లోపల గాయపడతాయి. తీసిన తర్వాత అరగంట పడుకోకుండా గాడిలో కొంచెం మేత వేయండి. అప్పుడు తెరుచుకున్న చనుమొన నేల మీది మురికికి తగలదు.

ఈ వారం ఒక పని చేయండి. ఒక టేపు తెచ్చి మీ పెయ్యను కొలవండి, తేదీ వేసి గోడ మీదైనా రాసుకోండి. నెల తిరిగాక మళ్లీ కొలవండి. రెండు అంకెల మధ్య పన్నెండు కిలోల తేడా లేకపోతే, ఆ రోజు నుంచే గాడిలో మార్పు చేయండి.